వెదకువారికి దొరకు అంగడి



నేటి నా ప్రసంగమునకు విషయము వ్యాపారస్థుల వెబ్‌సైటు. ఈ మాట వినగానే మీలో కొందరు, "ఇది పట్టణములలోని పిన్నవారి వ్యవహారము, మాకేల?" అని యనుకొనవచ్చును. కాని గ్రామములందలి చేనేత సహకార సంఘములకును, రైతుల ఉత్పత్తి సంఘములకును అధ్యక్షులుగను సభ్యులుగను ఉండి సంతకములు చేయువారు మీవంటి పెద్దలే గదా! పట్టణమునుండి ఒక ఏజెంటు వచ్చి, "మీ సంఘమునకు వెబ్‌సైటు పెట్టెదను, నెల దినములలో గూగుల్‌లో మొదటి స్థానమునకు తెచ్చెదను, ఇంత సొమ్మిండు" అని కాగితమును ముందుంచినప్పుడు, దానిపై సంతకము చేయవలెనా వలదా యని నిర్ణయింపవలసినవారు మీరే. ఆ సొమ్ము తుదకు నేతగాని కూలిలోనుండియే పోవును. కావున ఈ విషయమును మీతో ముచ్చటించుట యుక్తమని తలచితిని.

ముందుగా వెబ్‌సైటన నేమో రెండు మాటలలో చెప్పెదను. 1989లో టిమ్ బెర్నర్స్‌లీ అను ఆంగ్లేయుడు, జెనీవా నగరము చెంతనున్న సెర్న్ అను పరిశోధనాలయములో పనిచేయుచు, కంప్యూటర్లలోని కాగితముల నొకదానితో నొకటి ముడివేయు ఉపాయమును ప్రతిపాదించెను. 1991లో ఆ యేర్పాటు లోకమునకు తెరువబడినది. ఒక కాగితములోని మాటను తాకినచో అది మరియొక కాగితమునకు దారితీయును. ఆ దారికే లింకు అని పేరు. ఇట్టి కాగితములు కొన్నిటిని ఒక పేరుక్రింద నొకచోట చేర్చినది వెబ్‌సైటు. వ్యాపారి విషయములో అది అంగడియు, అంగడి ముందరి పలకయు, ధరల పట్టికయు, బేరము చెప్పు గుమాస్తాయు అన్నియు తానే.

అయితే ఒక చిక్కు కలదు. సంతలో అంగడి పెట్టినవానిని దారినిపోవువారు చూడక తప్పదు. వెబ్‌సైటునకు దారినిపోవువాడు లేడు. లెక్కకు మిక్కిలియైన అంగళ్లున్న ఒక మహానగరములో, జనసంచారము లేని సందున తలుపు తెరచుకొని కూర్చున్నట్లు దాని స్థితి. పేరు తెలిసినవాడు వచ్చును, తెలియనివాడు రాడు. తెలియనివానిని తీసికొనివచ్చువాడొకడు కావలెను. ఆ మధ్యవర్తియే సెర్చి ఇంజను. గూగుల్ అట్టిది, మైక్రోసాఫ్టువారి బింగ్ అట్టిది. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్లగారు 2014లో ఆ మైక్రోసాఫ్టునకు అధిపతియైన సంగతి మీలో పెక్కురు వినియే యుందురు.

ఈ మధ్యవర్తి ఎట్లు పనిచేయునో తెలిసినచో మిగిలినదంతయు సులభముగా తెలియును. వానికి మూడు పనులు కలవు. మొదటిది తిరుగుట. లింకునుండి లింకునకు పోవుచు, కనబడిన ప్రతి పుటను చదువుచుండును. రెండవది వ్రాసికొనుట. పెద్ద గ్రంథముల చివర అకారాది సూచిక యుండును గదా. ఏ మాట ఏ పుటలో నున్నదో అందు చూచికొందుము. అట్టి సూచికనే వాడు తాను చదివిన పుటలలో పెక్కింటికి తయారుచేసికొని యుండును. మూడవది వరుస తీర్చుట. ఎవరైన ఒక మాట నడిగినప్పుడు, ఆ మాటగల పుటలలో ఏది ముందుంచవలెను, ఏది వెనుక నుంచవలెను అని తీర్పు చెప్పును.

ఈ తీర్పులోనే వ్యాపారి యదృష్టమున్నది. ఏలయన, అడిగినవారు మొదటి నాలుగైదు పేళ్లను చూతురు గాని అడుగున నున్నవానిదాక పోవు ఓపిక అరుదు. 1998లో గూగుల్‌ను స్థాపించిన లారీ పేజ్, సెర్గే బ్రిన్ అను యువకులు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో చదువుచుండగనే ఈ వరుసకు ఒక న్యాయము కనిపెట్టిరి. ఒక పుటకు ఇతరుల పుటలు దారి చూపుచున్నచో, అది ఆ పుటపక్షమున సాక్ష్యము వంటిది. ఊరిలో గౌరవముగలవాడు చెప్పిన సాక్ష్యమునకు విలువ హెచ్చు. ఎవరో చెప్పినదానికి తక్కువ. ఇది మన పంచాయతీ న్యాయమే. ఇప్పుడు ఈ సాక్ష్యముతోపాటు మరి పెక్కు సంగతులను వారు లెక్కించుచున్నారు గాని, మూలసూత్రము మారలేదు. మరియొకటి జ్ఞాపకముంచుకొనుడు: ఈ వరుసలో స్థానమునకు గూగుల్‌వారు సొమ్ము పుచ్చుకొనరు. సొమ్మిచ్చి వేయించుకొను ప్రకటనలు వేరు. వానికి ప్రకటన యని గుర్తు వేసియే చూపుదురు.

ఇక నొక నిజమైన సరకును తీసికొని విషయమును పరీక్షింతము. తెలంగాణములో యాదాద్రి భువనగిరి జిల్లాలోని పోచంపల్లిని ఎరుగనివారు లేరు. 1951 ఏప్రిల్ 18వ తేదీన వినోబా భావేగారి భూదానోద్యమము పుట్టిన గ్రామమది. అక్కడి వస్త్రము ఇకత్. నూలును నేతకు పూర్వమే లెక్కప్రకారము కట్లుకట్టి, రంగులో ముంచి, కట్లువిప్పి, మగ్గముపై ఆ రంగులను కలుపుకొనుచు నేయుదురు. పూవు గుడ్డమీద అచ్చువేసినది కాదు, దారములోనే పుట్టినది. 2005లో దీనికి భౌగోళిక సూచిక యను చట్టబద్ధమైన రక్షణ లభించినది. అయినను యంత్రములపై అచ్చువేసిన చౌక గుడ్డలు పోచంపల్లి పేరుతో అమ్ముడు పోవుచునే యున్నవి. వెదకువానికి అచ్చుగుడ్డ వ్యాపారి పేరు ముందును, నేతగాని సంఘము పేరు వెనుకను కనబడినచో, ధర్మము చట్టములో నుండియు సొమ్ము మాత్రము అన్యులకు పోవును. ఈ విద్య మనకేల యను ప్రశ్నకు నా సమాధానమిదియే.

మొట్టమొదటి పని, కొనువాని నోట వచ్చు మాటను ఎరుగుట. నేతగాడు తన విద్యను చిటికీ యనును. హైదరాబాదునుండియో అమెరికానుండియో కొనగోరు గృహిణి ఇకత్ చీర యని వెదకును. పుటలో చిటికీ యను మాట మాత్రమే యున్నచో సూచికలో ఆమె యడిగిన మాట క్రింద మన పేరుండదు. రెండు మాటలును ఉండవలెను. పోచంపల్లి యను పేరునే ఆంగ్లాక్షరములలో నొకరొక విధముగను, నింకొకరింకొక విధముగను వ్రాయుదురు. మన సంఘము తన పేరును ఒకే విధముగా వ్రాసికొనుచు, జనము వాడు రూపాంతరమునుగూడ ఒకచోట సహజముగా చెప్పిన మేలు. "పెండ్లికి పట్టు ఇకత్", "నూలు దుప్పటి", "మీటరు ధర" అని జనము ఎట్లడుగుదురో అంగడిలో కూర్చున్న గుమాస్తాను అడిగి ఒక పుస్తకములో వ్రాసికొనుడు. ఏజెంటు తెచ్చు పట్టికకంటె ఈ పుస్తకము నాకు ఎక్కువ నమ్మకమైనది.

రెండవది, ప్రతి పుటకును తగిన శీర్షిక. ఒక సంఘమువారి వెబ్‌సైటును నేను చూచితిని; పేరు చెప్పను. అందులో పుట లన్నిటికిని "స్వాగతము" అనియే శీర్షిక. గ్రంథాలయములో అట్టలన్నిటిమీద "పుస్తకము" అని వ్రాసినట్లున్నది. "పోచంపల్లి పట్టు ఇకత్ చీరలు, నేతసంఘము ధరలకు" అని యొక పుటకును, "ఇకత్ చీరను ఉతుకు విధము" అని మరియొక పుటకును ఉన్నచో మధ్యవర్తికిని తెలియును, మనిషికిని తెలియును. శీర్షికక్రింద ఆ పుటలో నేమున్నదో రెండు వాక్యములలో చెప్పు వివరణ ముండవలెను.

మూడవది, అక్షరములు. ఇది మన తెలుగువారు ముఖ్యముగా వినవలసినది. పెక్కుచోట్ల అచ్చుకూటములో కూర్చిన కరపత్రమును ఫోటోతీసి అట్లే వెబ్‌సైటులో నతికింతురు. మనకంటికి అక్షరములు కనబడును. సూచిక వ్రాయువానికి అది వట్టి చిత్రము. యంత్రము లిప్పుడు చిత్రములోని అక్షరమును కొంత చదువనేర్చినను, వానిపై ఆధారపడుట తెలివిగాదు. అచ్చుపనికై పూర్వము వాడుకలోనికి వచ్చిన కొన్ని తెలుగు ఫాంటులతో కూర్చినదియు ఇట్లే అయోమయమగును. యూనికోడ్ అను ప్రమాణములో మన లిపికి 1991నుండియు స్థానమున్నది. సెల్‌ఫోనులో మీ మనుమడు కొట్టు తెలుగు అదియే. వెబ్‌సైటులోని మాటలన్నియు ఆ విధముగనే యుండవలెను. చీరల ఫోటోలకుగూడ క్రింద, "ఎఱుపు అంచుగల నల్లని పట్టు ఇకత్ చీర" అనునట్టి చిన్న వర్ణనము చేర్చవలెను. కన్నులు లేనివారికి ఫోను చదివి వినిపించునదియు ఆ వర్ణనమే.

నాల్గవది, వేగము. నేడు జనులు వెబ్‌సైటును చూచుట చాలవరకు సెల్‌ఫోనులోనే. గూగుల్‌వారుకూడ పుటను ఫోనులో కనబడు రూపమునుబట్టియే లెక్కకు తీసికొనుచున్నారు. పెద్దపెద్ద ఫోటోలతో పుట బరువెక్కి, తెరచుకొనుటకు తడవైనచో వచ్చినవాడు వెనుకకు మరలును. కావున సంఘమువారు ఏజెంటు తెచ్చిన పెద్ద తెరపై చూచి మెచ్చుకొనక, ఊరి చివర అంతంతమాత్రముగా సిగ్నలుండు చోట చవుక ఫోనులో తెరచి చూడవలెను. అదియే నిజమైన పరీక్ష.

ఐదవది, ఊరిలోని నిజమైన అంగడిని పటములో చేర్చుట. గూగుల్‌వారి పటములో వ్యాపారస్థలమును నమోదుచేసికొనుటకు రుసుము లేదు. తెరచు వేళలు, సెలవుదినములు, ఫోను నంబరు, అంగడి ముందుభాగపు ఫోటో అందుంచవచ్చును. వేళలు తప్పుగా వ్రాసి, ఆదివారమునాడు హైదరాబాదునుండి కారులో వచ్చినవారు తాళమును చూచి పోవుటకంటె అపకీర్తి లేదు.

ఈ పనులన్నిటిని కలిపి ఆ వృత్తివారు సెర్చి ఇంజను ఆప్టిమైజేషన్ అందురు, పొడిగా ఎస్.ఇ.ఓ. అందురు. పేరు పెద్దది గాని, అందులో మంత్రమేమియు లేదని మీకిప్పటికి తోచియుండును.

మంత్రమున్నదని చెప్పువారుకూడ కలరు. వారిని గురించి హెచ్చరింపక తప్పదు. సాక్ష్యమునకు విలువ యున్నచోట కూటసాక్షులు పుట్టుట లోకసహజము. సొమ్మిచ్చి వేలకొలది పుటలలో మన పేరునకు దారులు పెట్టించుట, ఒకే మాటను పుటలో నూరుసార్లు వ్రాయుట, యంత్రమునకొక పుటయు మనిషికొక పుటయు చూపుట మున్నగు తంత్రములు కలవు. ఇవి కొన్నాళ్లు ఫలించినట్లుండి పిమ్మట ముంచును. 2006 ఫిబ్రవరిలో జర్మనీదేశపు గొప్ప మోటారు కంపెనీ బి.ఎం.డబ్ల్యు. వారి జర్మను వెబ్‌సైటు యంత్రమునకొకటి, మనిషికొకటి చూపుచున్నదని గూగుల్‌వారు తమ సూచికనుండియే దానిని తొలగించిరి. వారు దిద్దుకొన్న పిమ్మటగాని మరల చేర్చుకొనలేదు. 2011 ఫిబ్రవరిలో జె.సి. పెన్నీ యను అమెరికా వర్తకసంస్థకు అసంబద్ధమైన పుటలలో వేలకొలది దొంగదారులున్నవని న్యూయార్కు టైమ్సు పత్రిక బయటపెట్టెను. గూగుల్‌వారు ఆ సంస్థను వరుసలో క్రిందికి దింపిరి. తమకు తెలియకయే జరిగినదని చెప్పి ఆ సంస్థవారు తమ ఏజెంటును తొలగించిరి. తప్పు ఏజెంటుదైనను నష్టము యజమానిదే యైనది. అంతటి ధనవంతులకే నష్టము తప్పలేదు. మన సంఘముల మాట చెప్పవలెనా?

కావున ఏజెంటును నాలుగు ప్రశ్నలడుగుడు. ఒకటి: "అయ్యా, మొదటి స్థానమునకు హామీ యిత్తురా?" ఇత్తునన్నచో అక్కడనే ఆపుడు. మొదటి స్థానమునకు ఎవరును హామీ యియ్యజాలరని గూగుల్‌వారే స్పష్టముగా చెప్పుచున్నారు. రెండు: "మా పుటలలో ఏయే మార్పులు చేయుదురో వ్రాసియిత్తురా?" రహస్యమన్నచో నమ్మకుడు. మూడు: "ఇతరుల పుటలలో దారులు కొనిపెట్టుదురా?" ఔనన్నచో నమస్కారము పెట్టి పంపుడు. నాలుగవది అన్నిటికంటె ముఖ్యము: "వెబ్‌సైటు పేరు ఎవరిపేర నమోదగును?" భూమి కొని పట్టా దళారిపేర వ్రాయించుకొను బుద్ధిమంతుడు ఉండడు గదా! వెబ్‌సైటు పేరుకూడ పట్టావంటిదే. దానిని సంఘము పేరనే నమోదుచేయించి, లోనికి ప్రవేశించు రహస్యపదములను సంఘపు దస్తావేజులతో భద్రపరుపవలెను. గడువు ముగియకముందే రుసుము చెల్లించి పునరుద్ధరింపవలెను. గడువు దాటినచో ఆ పేరును మరియొకడు తీసికొనగలడు. ఏజెంటుతో తగవు వచ్చిననాడు పేరు మనదైయున్నచో అంగడి మనదే. లేనిచో ఎన్నియేండ్ల కీర్తియైనను వాని చేతిలోనిది.

ఇక పేరుప్రతిష్ఠల విషయము. దీనిని నేటి వర్తకులు బ్రాండు అందురు. ఇది మనకు క్రొత్త కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ఆరంభించిరి. ఆ పసుపుపచ్చని లేపనమును, దాని ఘాటును ఎరుగని తెలుగు ఇల్లు అరుదు. పేరు పలుకుటకు సులభము, రంగు మరువరానిది, ఏ సీసా తెరచినను అదే గుణము. ఆ వ్యాపారమున వచ్చిన ధనముతో ఆయన 1908లో ఆంధ్రపత్రికను, 1924లో భారతిని స్థాపించి భాషకు సేవచేసిరి. పేరు, రూపము, గుణము మూడును ఏండ్లతరబడి మారక నిలుచుటయే బ్రాండు.

సంఘములకు దీనినుండి తెలియునదేమి? సంఘము పేరు అంగడి పలకపై నొకటి, రసీదుపై నొకటి, వెబ్‌సైటులో మరియొకటిగా ఉండరాదు. పేరు, చిరునామా, ఫోను నంబరు అన్నిచోట్ల అక్షరము మారక యుండవలెను. అప్పుడే ఇవన్నియు ఒకే వ్యాపారికి చెందినవని మధ్యవర్తికి తెలియును. గుర్తు నొకదానిని ఎన్నుకొనినచో సంచిమీద, చీటిమీద, పుటమీద అదే గుర్తు. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టము ప్రకారము ఆ గుర్తును నమోదు చేయించుకొనినచో పదేండ్లు రక్షణ కలుగును, పిమ్మట పునరుద్ధరించుకొనవచ్చును. భౌగోళిక సూచిక యనునది ఆ ప్రాంతపు నేతగాండ్ర అందరి యుమ్మడి సొత్తు. ట్రేడ్ మార్కు మీ సంఘపు సొంత గుర్తు. ఒకటి వంశనామము, రెండవది వ్యక్తినామము వంటివి. రెండును వేరు, రెండును కావలెను. కేంద్రప్రభుత్వమువారు 2006లో ఏర్పరచిన హ్యాండ్‌లూమ్ మార్కు చీటి, 2015 ఆగష్టు 7న మొదటి జాతీయ చేనేత దినోత్సవమునాడు ఆరంభించిన ఇండియా హ్యాండ్‌లూమ్ బ్రాండు కూడ కలవు. వీనిలో మీకున్నదానిని వెబ్‌సైటులో స్పష్టముగా చూపుడు. లేనిదానిని మాత్రము చూపకుడు.

గుణము మారక నిలుచుట అన్నిటికంటె కష్టము. పుటలో కనబడిన రంగు ఒకటి, మూటలో వచ్చిన రంగు మరియొకటి యైనచో, కొన్నవారు ఆ మాటను పదిమందికి కనబడునట్లు వ్రాయుదురు. అట్టి ఫిర్యాదు వచ్చినప్పుడు కోపింపక, రెండుమూడు రోజులలోనే మర్యాదగా సమాధానము వ్రాసి, సరకు మార్చి యియ్యవలెను. నలుగురు చూచునది ఫిర్యాదును మాత్రమే కాదు, దానికి పెద్దలిచ్చిన సమాధానమును కూడ. బంధువులచేత దొంగమెప్పులు వ్రాయించుట కూటసాక్ష్యమే. అది ధర్మముగాదు, లాభమును గాదు.

చివరిదియు, మీకు చేరువైనదియు నగు విషయము చెప్పెదను. వెబ్‌సైటులో వ్రాయదగినదేమి? దీనినే కంటెంటు అందురు. సరకును అమ్మువాడు సరకును గూర్చి పొగడుకొనుటకంటె, కొనువానికి పనికివచ్చు జ్ఞానమునిచ్చుట మేలను సంగతిని వర్తకులు చాలకాలము క్రిందటనే గ్రహించిరి. అమెరికాలో నాగళ్లు చేయు జాన్ డీర్ కంపెనీవారు 1895లో "ది ఫర్రో", అనగా నాగేటిచాలు, అను పత్రికను రైతులకొరకు ప్రారంభించిరి. ఫ్రాన్సులో మోటారు టైర్లు చేయు మిషెలిన్ సోదరులు 1900లో బాటసారులకు ఉచితముగా నొక మార్గదర్శిని పంచిరి. టైర్లు మార్చు విధము, బసలు దొరకు ఊళ్లు అందుండెను. జనము దారినపడి తిరిగినచో టైర్లు అరుగును గదా! జ్ఞానమిచ్చినవానిని జనము నమ్ముదురు. నమ్మినవాని వద్ద కొందురు.

ఈ జ్ఞానము ఏజెంటు వద్ద లేదు, మీవద్ద నున్నది. అసలు ఇకత్‌ను అచ్చుగుడ్డనుండి గుర్తించుట ఎట్లు? అసలుదానికి పూవు రెండువైపుల ఒకే తీరున కనబడును, అంచులు కొంచెము చెదరినట్లుండును. అచ్చుగుడ్డకు సాధారణముగా వెనుకప్రక్క వెలవెలబోవును. ఈ రెండు వాక్యములు, ప్రక్కన రెండు ఫోటోలు నున్న పుట అచ్చుగుడ్డ వ్యాపారి యెన్నడును వ్రాయలేడు. పుట్టపాక తేలియా రుమాలునకు 2020లో భౌగోళిక సూచిక వచ్చినది. నూలును నూనెతోడను ఆముదపుకాయల బూడిదతోడను సంస్కరించుటవలన దానికి ఆ పేరు వచ్చెనని మీరెరుగుదురు, ఢిల్లీలో కొనువారెరుగరు. పట్టుచీరకు ఆసు పోయుటలో ఆడువారి భుజములు పడిపోవుట మీరు కన్నులార చూచినవారు. తల్లి పడు ఆ బాధను చూడలేక చింతకింది మల్లేశముగారు 1999లో లక్ష్మి ఆసు యంత్రమును చేసిరి. ఆమె పేరే దానికి పెట్టిరి. 2017లో వారికి పద్మశ్రీ వచ్చినది. ఇట్టి కథను చదివిన గృహిణి ఆ చీర ధరను చూచి ఇంత యేల యని యడుగదు.

కావున ఒక పని చేయుడు. కొనవచ్చినవారు మాటిమాటికి అడుగు ప్రశ్నలను ఇరువదింటిని వ్రాయుడు. ఉతుకుట ఎట్లు? రంగు దిగునా? ఎన్ని దినములు నేయుదురు? ధరలో కూలి ఎంత, నూలు ఎంత? నచ్చనిచో తిరిగి తీసికొందురా? ముదుసలి నేతగాండ్రను కూర్చుండబెట్టి ఒక్కొక్క ప్రశ్నకు సమాధానము చెప్పించుడు. ఊరి పాఠశాల విద్యార్థి ఎవరైన వ్రాసికొనును. ఒక్కొక్కటి యొక్కొక్క పుట చేయుడు. తెలుగులో నొకటి, ఇంగ్లీషులో నొకటి యున్నచో, ఇచ్చటివారును పరదేశములలోని మనవారును ఇద్దరును చదువుదురు. ఇట్టి పుటలను చూచి, పత్రికలవారును, విద్యాలయములవారును, యాత్రికులును తామై తమ పుటలనుండి దారి చూపుదురు. ఇదియే సత్యమైన సాక్ష్యము, కొనుటకు దొరకనిది.

మరియొక క్రొత్త మార్పుకూడ వచ్చినది. 2024నుండి గూగుల్‌లో పెక్కు ప్రశ్నలకు పుటల వరుసకు పైన యంత్రమే కూర్చిన సమాధానము కనబడుచున్నది. దానిని చదివి తృప్తిపడి, పుటలలోనికి రానివారుకూడ ఉందురు. ఇది నష్టమే. కాని ఆ యంత్రము తాను కూర్చుదానిని ఎవరో వ్రాసినదానినుండియే తీసికొనవలెను గదా! ఇరువదిమంది వ్రాసినదానినే తిరుగవ్రాసినవానికి ఇక విలువ తగ్గును. తన చేతిపనినుండి తెలిసినదానిని తేటగా వ్రాసినవానికి విలువ నిలుచును. యంత్రముచేత పుటలకొలది మాటలు అల్లించి నింపుదమని ఏజెంటు చెప్పినచో, మా మగ్గముల సంగతి మేమే చెప్పుకొందుమనుడు.

ఫలితము ఎప్పుడు కనబడునని మీరడుగవచ్చును. విత్తనము నాటిన మరునాడు కోత లేదు. దీనికిని నెలలు పట్టును. గూగుల్‌వారి సెర్చి కన్సోల్ అను సాధనము ఉచితముగా దొరకును. ఏ మాటలతో వెదకినవారికి మన పుట కనబడినది, ఎందరు లోనికి వచ్చిరి అని అందులో తెలియును. నెలకొకసారి పాలకవర్గ సమావేశములో ఆ లెక్కను చదివించుడు. అయితే వచ్చినవారి సంఖ్యను చూచి మురియకుడు. ఎన్ని ఫోనులు వచ్చినవి, ఎన్ని చీరలు పోయినవి, వానిలో ఎన్ని తిరిగివచ్చినవి, మగ్గమునకు ఎన్ని దినముల పని పెరిగినది, ఇవియే అసలు లెక్కలు. వేయిమంది చూచి మరలిన వెబ్‌సైటుకంటె, నలుబదిమంది చూచి పదిమంది కొన్నది మేలు.

నేను చెప్పినదానిని సంగ్రహించి ముగించెదను. వెదకువాని మాటతో వ్రాయుడు, ప్రతి పుటకు తన పేరు పెట్టుడు, అక్షరములను చిత్రము చేయకుడు, పేరును సంఘముపేరనే ఉంచుడు, కూటసాక్ష్యమును కొనకుడు, గుణమును తప్పకుడు, మీరెరిగినదానిని వ్రాయించుడు. వీనిలో పెక్కింటికి సొమ్ముకంటె శ్రద్ధ ఎక్కువ కావలెను. మగ్గమువద్ద నున్న ముదుసలి నేతగాడు తన జ్ఞానమును తనతోనే తీసికొనిపోవకముందే దానిని అక్షరములలో పెట్టించుట, వ్యాపారమునకు మాత్రమే గాక విద్యకును రక్షణ. ఆ పని పెద్దలైన మీ చేతులలో నున్నది.